తిరిగే గొర్రెకు ముందు సూది

నారప్ప గొర్ల దొడ్డిలో పడుకోవడం మొదలుపెట్టి ఇరవై రెండు రోజులైంది. ఇల్లు లేక కాదు. ఇల్లు దొడ్డికి పది అడుగుల్లోనే ఉంది. ఆ ఇంట్లో ఇరవై రెండు రోజుల పసిబిడ్డ ఉంది. గడప దగ్గర కోడలు సుబ్బలక్ష్మమ్మ ఉంది. అదీ సంగతి.

బిడ్డ నారప్ప మనవరాలు సింధుశ్రీకి తొలిచూలు. ఆడపిల్ల. కరోనా రెండోసారి వచ్చి బలసముద్రం ఊళ్లో ఐదుగురిని తీసుకుపోయిన నెలలోనే పుట్టింది. ఆశా కార్యకర్త సౌభాగ్య వచ్చి బిడ్డను చూసి, "సూది ఏసుకోనోళ్లు ఎవురూ ముట్టుకోవద్దండి," అని చెప్పి పోయింది. ఆమె చెప్పింది అంతే. సుబ్బలక్ష్మమ్మ దానికి ఇంకో నాలుగు కలిపింది. గడప దాటకూడదు. బిడ్డ ఉన్న వైపు తిరిగి దగ్గకూడదు. కిటికీ చువ్వలు పట్టుకోకూడదు. జోలపాటలు పాడకూడదు. నారప్ప బుద్ధెరిగిన తరవాత ఒక్క పాట పాడినవాడు కాదు. అయినా ఆ కట్టుబాటు ఆయన మీద కూడా పడింది.

సుబ్బలక్ష్మమ్మకు ఆ అధికారం ఉంది. అంగన్‌వాడీలో ఆయా కాబట్టి ఊళ్లో అందరికంటే ముందే రెండు సూదులూ వేయించుకుంది. మొగుడు లారీ మీద మహారాష్ట్ర పోయి అక్కడ చిక్కుకుంటే, "నువ్వు వచ్చినా దొడ్లోకే. మీ నాయన పక్కన చోటు పెట్టినా," అని ఫోన్లోనే చెప్పేసింది.

పొద్దున గొర్లను తోలుకుపోయే ముందు సింధుశ్రీ బిడ్డను కిటికీ దగ్గరకు తెచ్చి చూపించేది.

"తాతా, చూడు, ఈ పొద్దు కండ్లు బాగా తెరిచింది."

నారప్ప చూసేవాడు. తల ఊపేవాడు. కర్ర చంకన పెట్టుకుని వెళ్లిపోయేవాడు. డెబ్బై ఏండ్ల మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే వాటిలో ఏడు గొర్లతోనే. కానీ ఆ ఇరవై రెండు రోజులూ ఆయన మనసులో ఒకటే ఆశ. ఆ బిడ్డను ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాలి. సింధుశ్రీ పుట్టినప్పుడు తల్లికి పాలు చాలకపోతే, మేకపాలు కాచి ఉగ్గుగిన్నెతో పోసి పెంచిన చేతులవి. ఆ చేతులకు ఇప్పుడు ఊరికే ఉండడం చేతకావడం లేదు.

తప్పు తనదేనని ఆయనకు తెలుసు. ఉగాదికి ముందు సౌభాగ్య పెట్టె నిండా మందు తెచ్చి ఇల్లిల్లూ తిరిగింది. రెండు వందల మందికి సరిపోయే మందు. ఊళ్లో మాత్రం మనిషి లేడు. సూది వేసుకుంటే చెయ్యి పడిపోతుందని ఎవరో అన్నారు. అంతే, ఊరు ఊరంతా సోలార్ ప్లేట్ల కిందికి పోయి కూర్చుంది. ఒకప్పుడు శెనక్కాయ పండిన చేన్లలో ఇప్పుడు చూపు ఆనినంత మేరా ప్లేట్లే. వాటిని కడిగిన నీళ్లకు కింద గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి మేయడానికి కంపెనీవాళ్లు గొర్లను రానిస్తారు, మేకలను రానివ్వరు. మేకలైతే ప్లేట్ల మీదికి ఎక్కుతాయి. ఆ రోజు నారప్ప తన మందను చూసుకుంటూ పోతే, గొర్ల మధ్యలో తెల్లపంచె ఎగగట్టుకుని ఊరి పెద్దరైతు జయరామప్ప గొంతుకు కూర్చుని ఉన్నాడు.

"నారప్పా, నువ్వు నన్ను చూడలేదు," అన్నాడు జయరామప్ప.

నారప్ప తల ఊపాడు. తను వచ్చింది కూడా అందుకే.

ఆ తరవాతే చావులు. చావుల తరవాత చెయ్యి పడిపోయే మాట ఎవరూ ఎత్తలేదు. ఊరంతా సౌభాగ్య వెంటపడింది. ఇప్పుడు మందు లేదు. చివరికి ఒక సాయంత్రం ఆమె వీధిలో నిలబడి అరిచి చెప్పింది.

"రేపు పొద్దున ఇస్కూలు కాడికి సిస్టర్ వస్తుంది. రెండే బుడ్లు. ఇరవై మందికే. నలభై ఐదు దాటినోళ్లే రండి. తర్వాత ఎప్పుడొస్తుందో నాకే తెలీదు, నన్ను తినొద్దండి!"

మర్నాడు పొద్దు పొడిచేలోపే నారప్ప స్కూలు దగ్గర ఉన్నాడు. అప్పటికే గేటు దగ్గర నుంచి చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఏటా సర్కారు రైతు సంపర్క కేంద్రంలో శెనక్కాయ విత్తనాలు ఇచ్చేటప్పుడు అక్కడి పద్ధతి ఇదే. మనిషి నిలబడడు, చెప్పులు నిలబడతాయి. మనిషి పోయి నీడలో బీడీ కాల్చుకుంటాడు. చెప్పులు లేనివాడు రాయి పెడతాడు. ముందున్న చెప్పును వెనక్కి జరిపినవాడితో ఆ ఏడాదంతా ఎవరూ మాట్లాడరు. అలవాటు కొద్దీ కొందరు చెప్పుల పక్కన పహణి నకలు కూడా పెట్టి, గాలికి పోకుండా రాయి ఉంచారు. పహణి అంటే భూమి కాగితం. విత్తనాలు ఎకరాల లెక్కన ఇస్తారు కదా, సూదులు కూడా అంతే అనుకున్నారు.

నారప్ప తన చెప్పులు వరసలో పెట్టి, వేలితో లెక్కపెట్టాడు. పదిహేడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేడే. ఇరవైకి లోపలే. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ చూడకుండా మీసం కింద కొంచెం నవ్వుకున్నాడు.

ఎనిమిది గంటలకు సిస్టర్ ప్రతిభ స్కూటీ మీద మందు పెట్టెతో వచ్చింది. అప్పటికి చెప్పుల వరస స్కూలు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఆమె హెల్మెట్ తీసి ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"సౌభాగ్యా, మనుషులు యాడ?"

"వస్తారు మేడమ్. ఇవి వాళ్లవే."

"ఈ ఎత్తు మడమల చెప్పులు ఎవరివి? ఇవి ఏసుకునే ముసలమ్మ ఎవురో నేను చూడాల."

స్కూటీ చప్పుడుకు నీడల్లోంచి లేచి వచ్చినవాళ్లంతా జయరామప్ప వైపు చూశారు. మొదటి తొమ్మిది జతలూ ఆయన ఇంటివే. ఎత్తు మడమలవి తుమకూరులో చదువుకుంటున్న కూతురివి.

"ఇంట్లో ఉండే చెప్పులన్నీ పెట్టినా, దాంట్లో తప్పేంది?" అన్నాడు జయరామప్ప. చేతిలో పహణి నకళ్లు దొంతరగా ఉన్నాయి. "ఈ ఊరికి సోలార్ వచ్చిందంటే ఎవురి భూమి మీద వచ్చింది? ఇరవై రెండు ఎకరాలు ఇచ్చినా. ఎకరాకు ఒకటి అని నేను అడగడం లేదు. మా ఇంటికి తొమ్మిది చాలు."

"జయరామన్నా," అంది సౌభాగ్య, "సూది మనిషికి పొడుస్తారు. నువ్వు పహణి చూపిస్తే యే సర్వే నంబరు మీద పొడవాల?"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. గడియారం చూసుకుంది.

"చెప్పులకు నేను ఏయను. బుడ్డి తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాల. ఆమీన నేను మంగళవాడకు పోవాల. ఈడ వంద మంది ఉండారు, నా కాడ ఇరవై ఉండాయి. ఎవురికి ముందు అనేది ఊరోళ్లు మీరే మాట్లాడుకోండి. అర గంట టైము."

నారప్ప తన చెప్పుల వైపు చూశాడు. పదిహేడు అనే అంకె గాలికి పోయింది.

మొదట లేచింది ప్రకాశ్. ప్లేట్లు కడిగే కూలీల మేస్త్రి. వయసు నలభై ఆరు, ఆ రోజుకు అది పెద్ద అదృష్టం.

"సూది కాగితం లేకుంటే కంపెనీ గేటు లోపలికి ఇడ్సరంట. మా గుంపులో నలభై ఐదు దాటినోళ్లు పదైదు మంది. ముసలోళ్లు ఇంట్లో కూసోనుంటారు కదప్పా. పనికి పోయేటోళ్లం మేము. మేము పోకుంటే పొయ్యి ఎట్ల ఎలిగేది?"

"ఇంట్లో కూసున్నోళ్లు మనుషులు కాదేమిరా?" అంది కెంచమ్మవ్వ. ఎనభై దాటిన మనిషి. ఎవరో బండి మీద తెచ్చి దించారు. "ముందు పోయేది నేను. కాబట్టి ముందు సూది నాకే."

"అవ్వా, ఎనభై ఏండ్లు చూసినావు, ఇంకా చూడాల్సింది ఏముండాది నీకు?" అన్నాడు జయరామప్ప.

"నిన్ను సాగనంపేది ఉండాది నాయనా. అది చూసుకోని పోతా."

మళ్లీ నవ్వులు. కానీ నవ్వులతో లెక్క తేలలేదు. ఒకరు చీటీలు వేద్దామన్నారు. ఒకరు ఇంటికొకటి అన్నారు. ఊళ్లో మూడు వందల ఇళ్లు. ఇంకొకరు రెండు ముక్కలుగా సగం సగం వేయమన్నారు. సిస్టర్ వాళ్ల వైపు ఒక చూపు చూసింది, వాళ్లు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఎవరి మాట వింటే వాళ్లదే న్యాయంగా ఉంది. చిక్కంతా అదే. నారప్పకు కూడా తన మాట ఒకటి ఉంది. ఇంట్లో పసిబిడ్డ ఉంది అంటే చాలు. కానీ నోరు రాలేదు. నలుగురి ముందు మనవరాలి బిడ్డను ఎత్తుకోవాలని ఉందని చెప్పడం, ఆయనకు పంచె ఊడదీసుకుని నిలబడినట్టు ఉంటుంది.

ఇరవై నిమిషాలు అయిపోయాయి. సౌభాగ్య చుట్టూ చూసి గోడ పక్కన ఆగింది.

"నారప్ప మామా! పోయినేడు గొర్లకు పారుడు రోగం వచ్చినప్పుడు, మందు సగానికే వచ్చింది కదా. నిడుగల్లు ఊరి మందల్లో ఇరవై, ముప్పై పోయినాయి. నీకు రెండే పోయినాయి. నువ్వు వేటికి ఏపించినావు, ఎట్ల జేసినావు? చెప్పు మామా."

అందరూ తిరిగారు. నారప్ప తల దించుకున్నాడు. జవాబు ఆయనకు తెలుసు. ఆ జవాబు చెబితే ఆ ఇరవైలో తను ఉండడని కూడా తెలుసు. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. నారప్ప ఎప్పుడు మాట్లాడాడు గనక? చీటీలు వేస్తారు. చీటీల్లో తన పేరు రావచ్చు. సాయంత్రానికి గడప దాటవచ్చు. ఊరికే ఉండడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఇంకొక్క నిమిషం చేస్తే సరిపోతుంది.

కానీ ఇది అబద్ధం లాంటి ఊరికే ఉండడం.

"నా కాడ ఎనభై," అన్నాడు చివరికి. "మందు ముప్పైకే. కొన్ని ఉంటాయి, మందలో నిలబడవు. పక్క మందల్లోకి పోయి తిరిగి తిరిగి వస్తాయి. రోగం తెచ్చేటివి అవే. వాటికి ముందు ఏపించినా. ఆమీన లేవలేనివి. దొడ్లోనే పడుకోనుండేటివి. వాటికి వస్తే తట్టుకోలేవు. గట్టిగా ఉండి నా ఎనకాలే నడిచేటివాటికి ఏపించలా."

"బలిసిన పొట్టేళ్లకు?" అన్నాడు జయరామప్ప.

"ఏపించలా."

నెల రోజుల మాటలు ఒకేసారి ఖర్చయిపోయి నారప్పకు ఆయాసం వచ్చింది. సిస్టర్ ప్రతిభ, "ఈయప్ప యే కాలేజీలో చదివినాడు?" అని సౌభాగ్యను మెల్లగా అడిగింది.

కెంచమ్మవ్వ కర్ర నేలకు కొట్టింది. "బాగుండాది. ఇంతకీ మన మందలో పక్క మందల్లోకి పోయే గొర్రె ఎవురు?"

వంద తలలు ఒకేసారి పెద్దతిమ్మప్ప వైపు తిరిగాయి.

పెద్దతిమ్మప్ప నారప్పకు వరసకు బావ. ఊళ్లో ఆయన కాఫీ తాగని ఇల్లు లేదు. మొదటి కాఫీ ఒక ఇంట్లో, రెండోది ఇంకో ఇంట్లో, టిఫినుకు ఉప్పిట్టు మూడో ఇంట్లో. ఏ ఇంట్లో ఏ కూర, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరి ఆవు ఎప్పుడు ఈనుతుంది, అన్నీ ఆయన దగ్గరే. లాక్‌డౌన్లో వీధి తలుపులు మూస్తే పెరటి గోడలు ఎక్కి వచ్చాడు. ఊళ్లో ఆయన వల్ల కలిగిన లాభం ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. అలాంటి మనిషికి మొదటి సూది.

"నన్ను యాల చూస్తారు? నేనేం జేసినా?" అన్నాడు పెద్దతిమ్మప్ప.

"నిన్న ఒక్క దినమే ఎన్ని ఇండ్లకు పోయినావు బావా?" అన్నాడు ప్రకాశ్.

"పద్నాలుగు. కాదు, పదైదు. మీ ఇంటికి రెండుసార్లు."

"రాసుకోక్కా. మొదటి పేరు," అన్నాడు ప్రకాశ్ సౌభాగ్యతో.

తరవాత పని సులువైంది. పాల డెయిరీలో పాలు పోయించుకునే ఆమె, రేషన్ అంగడాయన, క్షౌరం చేసే కొల్లప్ప, నాలుగు ఊళ్ల కూలీలతో కలిసి తిరిగే ప్రకాశ్, అతని గుంపులో ఐదుగురు. పది అయ్యాయి. మిగతా పది లేవలేనివాళ్లకు. కెంచమ్మవ్వ, ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బువాళ్లు. పంతొమ్మిది దాకా వచ్చింది.

"నాకు షుగర్ ఉండాది," అన్నాడు జయరామప్ప, చాలా చిన్న గొంతుతో.

ఆయన భార్య వెనక నుంచి ముందుకొచ్చింది. "షుగర్ ఉండాదా! అయితే నిన్న నాలుగు బెల్లం ఓళిగలు నెయ్యి ఏసుకోని ఎట్ల తింటివి?"

"అది తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడాయన. పహణి నకళ్లు మడిచి జేబులో పెట్టుకుని, ఒట్టి చేతులతో ఇరవయ్యోవాడిగా నిలబడ్డాడు.

ఇరవయ్యో పేరు రాయబోతూ సౌభాగ్య కలం ఆపింది. ఇంట్లో బిడ్డ సంగతి ఆమెకు తెలుసు. "మామా, నీ పేరు?"

"నేను ఎవురింటికి పోతా తల్లీ," అన్నాడు నారప్ప. "రాయి కొట్టినా ఇరగను. రాసింది చాలు."

అప్పుడు పెద్దతిమ్మప్ప ఎగిరి ముందుకొచ్చాడు. "ఆగండప్పా! ఈయప్ప ఇరవై రెండు దినాలుగా గొర్ల దొడ్లో పండుకుంటాండాడు. సింధుశ్రీ బిడ్డను ముట్టుకోనీదు కోడలు. కిటికీలో చూసి పోతాండాడు పాపం. మీకెవురికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు, నేనే గోడెక్కి చూసినా. నా సూది నారప్పకు ఏయండి! నేను ఇడ్సిపెడతాండా!"

చప్పట్లు కొట్టబోయారు కొందరు. నారప్ప చెవులు ఎర్రబడ్డాయి. సౌభాగ్య మాత్రం పెద్దతిమ్మప్ప ముఖం చూసింది. నుదుటి మీద చెమట. కళ్లు సిస్టర్ చేతిలోని సూది మీద.

"తిమ్మప్ప మామా, ఉగాదికి ముందు నువ్వు నన్ను చూసి నీళ్ల ట్యాంకు ఎక్కితివి. గుర్తుందా?"

"అది... ఊరికే గాలి కోసం..."

"సూదికి బయపడి దానం జేస్తాండావా!"

పెద్దతిమ్మప్ప వెనక్కి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడకముందే నారప్ప లేచాడు. "నువ్వు ఏసుకోకుంటే ఈ పంతొమ్మిది దండగ బావా," అంటూ సూదికి గొర్రెను పట్టే పట్టు పట్టాడు. ఒక చెయ్యి గదవ కింద, ఒక మోకాలు పక్కటెముకల మీద. ఆ పట్టులో పడ్డ పొట్టేలు కూడా కదలదు. పెద్దతిమ్మప్ప అరిచిన అరుపుకు వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"అయిపోయింది," అంది సిస్టర్.

"అప్పుడేనా?" అన్నాడు పెద్దతిమ్మప్ప, కళ్లు తెరిచి. తరవాత చొక్కా సర్దుకుని వరసలోవాళ్లకు చెప్పాడు. "ఏం లేదప్పా, చీమ కుట్టినట్టు. బయపడొద్దండి."

నారప్ప చెప్పులు వేసుకుని ఇంటికి బయలుదేరాడు. గొర్లకు ఆలస్యమైంది. దారంతా ఆయనకు ఏడుపూ రాలేదు, గొప్పా అనిపించలేదు. చేతులు మాత్రం బరువుగా ఉన్నాయి.

ఆయన వచ్చేసరికి పెద్దతిమ్మప్ప పెరటిదారిన ముందే వచ్చి, గోడ అవతల నుంచి సంగతంతా చెప్పి, ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు. సుబ్బలక్ష్మమ్మ గడపలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. వెనక సింధుశ్రీ బిడ్డతో.

"ఏం మామా, సూది ఇడ్సిపెట్టి వస్తివంటనే?"

తల ఊపాడు.

"ఎవురింటికీ పోనోనికి అక్కరలేదు, రోగం తెచ్చేది తిరిగేటోళ్లు అని నువ్వే చెప్తివంట. నిజమేనా?"

"నిజమే."

"అట్లయితే," అంది సింధుశ్రీ, "తాత ఎవురింటికి పోతాడమ్మా? ఎవురితో మాట్లాడతాడు? తాతకంటే ఊళ్లో శుద్ధమైన మనిషి ఎవురుండారు? ఇన్ని దినాలు తాతను దొడ్లో పెట్టి, నువ్వే కదా డెయిరీకీ అంగడికీ పోయొచ్చింది!"

సుబ్బలక్ష్మమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకుంది. నారప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. ఇరవై రెండు రోజుల తరవాత మొదటి అడుగు.

"ఆగు మామా!" అంది సుబ్బలక్ష్మమ్మ. "ఈ పొద్దు ఇస్కూలు కాడ వంద మందిలో నిలబడితివి. తిమ్మప్ప చిన్నాయనను కావలించుకుంటివి. పదైదు ఇండ్ల కాఫీ తాగిన మనిషిని! నీ లెక్కే పెడతాండా. పద్నాలుగు దినాలు మనిషి గాలి తగలకుండా ఉండు. పదైదో దినం నేనే బిడ్డను చేతిలో పెడతా. మాట."

నారప్పకు ఆ మాటలో తప్పు దొరకలేదు. తను చెప్పిన న్యాయమే అది.

ఆ పద్నాలుగు రోజులు ఆయన మనిషి కనిపిస్తే మందను మళ్లించాడు. ప్లేట్ల మధ్య ఎవరైనా "నారప్పా!" అని పిలిస్తే కర్ర ఊపి పక్క సందులోకి పోయాడు. మాట్లాడకుండా బతకడం ఆయనకు కష్టం కాలేదు, కానీ పెద్దతిమ్మప్పను తప్పించుకోవడం కష్టమైంది. సూది పడ్డాక ఆయనకు ధైర్యం పెరిగి చేన్లలోకి కూడా వచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆయన "బావా, ఒక్క మాట!" అంటూ వెంటపడితే, నారప్ప ఎనభై గొర్లతో సహా పరుగెత్తాడు. కంపెనీ వాచ్‌మన్ అది ఫోన్లో తీసి ఊరందరికీ పంపాడు.

పదిహేనో రోజు తెల్లవారి నారప్ప తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, అరుగు మీద కూర్చున్నాడు. సుబ్బలక్ష్మమ్మ సబ్బు తెచ్చి చేతులు రెండుసార్లు కడిగించింది. గోళ్లు చూసింది. ముక్కుకు తువ్వాలు కట్టింది. ఇక సాకు ఏదీ దొరకలేదు. లోపలికి పోయి బిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

బిడ్డ అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకంటే కాస్త బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. కళ్లు తెరిచి తువ్వాలు వైపు చూసి, ఆవలించింది. నారప్ప మెల్లగా, వినపడీ వినపడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. దొడ్డిలో ఏ గొర్రె పేరు ఏమిటి, ఏది పొడుస్తుంది, ఏది పిలిస్తే పలుకుతుంది.

"అమ్మా," అని సింధుశ్రీ లోపలికి గుసగుసగా పిలిచింది, "తాత మాట్లాడతాండాడు. ఆపడం లేదు."

దొడ్డిలో గొర్లు ఆకలికి అరవడం మొదలుపెట్టాయి. నారప్ప ఒకసారి అటు చూశాడు. మళ్లీ బిడ్డ వైపు తిరిగి, చెబుతున్నది ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి అందుకున్నాడు. ఆ రోజు మంద ప్లేట్ల కిందికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.